గోడ వేడెక్కితే సుడులు ఎందుకు సద్దుమణుగుతాయి?

ప్రశ్న చిన్నదే. రెండు పలకల మధ్య నుంచి నీళ్ళు జోరుగా, సుడులు తిరుగుతూ పారుతున్నాయి. ఒక పలకను వేడి చేశాం, ఎదుటి పలకను చల్లగా ఉంచాం. సుడులు దేని దగ్గర ఎక్కువవుతాయి?

ఇంటర్ ఫిజిక్స్ ఇంకా గుర్తున్నవాళ్ళు తడుముకోకుండా "వేడి పలక దగ్గర" అంటారు. నీరు వేడెక్కితే పలచబడుతుంది, అంటే స్నిగ్ధత తగ్గుతుంది. సుడులను అణిచేది స్నిగ్ధతే. అది బలహీనపడితే సుడులు రెచ్చిపోవాలి కదా! తర్కంలో వంక పెట్టడానికేమీ లేదు. జవాబే తప్పు. 2012లో ఇటలీకి చెందిన జోంటా, మార్కియోలి, సోల్దాతి అనే ముగ్గురు పరిశోధకులు ఈ ప్రవాహాన్ని కంప్యూటర్లో బిందువు బిందువుకీ లెక్కకట్టి చూశారు. స్నిగ్ధత ఒక్కటే ఏం చేస్తుందో తెలియాలని గురుత్వాకర్షణను కావాలనే పక్కన పెట్టారు. చల్లని గోడ వైపు సుడుల శక్తి పెరిగింది, వేడి గోడ వైపు తగ్గింది.

ఈ ముడి విప్పడానికి కొవ్వూరు మంచి చోటు. ఊళ్ళో కాస్టిక్ సోడా కర్మాగారం ఉంది. కాస్త దిగువన విజ్జేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట నుంచి పశ్చిమ డెల్టా కాలువ బయల్దేరుతుంది. ఆ విజ్జేశ్వరంలోనే గ్యాస్‌తో నడిచేలా కట్టిన కరెంటు కేంద్రం ఉంది. చిక్కటి ద్రవం, నదీజలం, వేడి వాయువు: వేడికీ సుడులకీ ఉన్న సంబంధాన్ని ఈ మూడూ మూడు రకాలుగా చూపిస్తాయి.

వేడి వల్ల అసలు మారేదేమిటి?

నీటిలో ప్రధానంగా మారేది స్నిగ్ధత. 20 డిగ్రీల దగ్గర (అన్నీ సెల్సియస్‌లోనే చెబుతాను) అది 1.00 మిల్లీపాస్కల్-సెకను. 30 దగ్గర 0.80, 50 దగ్గర 0.55, మరిగే వేడికి 0.28. అంటే నాలుగింట మూడు వంతులు పోయినట్టే. ఈలోగా సాంద్రత తగ్గేది 4 శాతమే. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వేడి ఆ పట్టును సడలిస్తుంది.

గాలి తీరు దీనికి తలకిందులు. వాయువులో అణువులు దూరదూరంగా ఉంటాయి, పట్టుకోవడమంటూ ఏమీ ఉండదు. అవి ఒక పొరలోంచి ఇంకో పొరలోకి దూకుతూ తమ వేగాన్ని వెంట మోసుకెళ్తాయి. వాయువుకు స్నిగ్ధత వచ్చేది ఆ దూకుడు వల్ల. వేడెక్కితే దూకుడు పెరుగుతుంది, స్నిగ్ధతా పెరుగుతుంది. గాలిని 27 డిగ్రీల నుంచి 327 డిగ్రీలకు తీసుకెళ్తే స్నిగ్ధత సుమారు 65 శాతం పెరుగుతుంది, సాంద్రత సగానికి పడిపోతుంది. సుడుల లెక్కలో కావలసింది స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువ. గాలిలో అది మూడు రెట్లు దాటిపోతుంది.

మిగతా కథంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

గొట్టం అంతా ఒకే వేడిలో ఉంటే?

అప్పుడు మన పాత తర్కమే సరైనది. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటి మధ్యలోకి సన్నటి రంగుధార వదిలాడు. నీరు నెమ్మదిగా పారుతున్నంతసేపూ ఆ ధార దారంలా తిన్నగా సాగింది. వేగం ఒక హద్దు దాటేసరికి చెదిరి గొట్టమంతా కలిసిపోయింది. వేగాన్ని, వ్యాసాన్ని, సాంద్రతను గుణించి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే అంకెను ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. గొట్టాల్లో అది సుమారు 2,000 దాకా ఉంటే ప్రవాహం పొరలు పొరలుగా, బుద్ధిగా పోతుంది. ఆ పైన సుడులు పుట్టే అవకాశం మొదలవుతుంది.

కాస్టిక్ సోడాను చూడండి. ఉప్పునీటిలో కరెంటు పంపితే క్లోరిన్ ఒకవైపు, కాస్టిక్ సోడా ఒకవైపు విడిపోతాయి. కొవ్వూరులో ఆంధ్రా షుగర్స్ వారి కర్మాగారం చేసే పని ఇదే. ఈ సరుకు ద్రవరూపంలో అమ్మకానికి వెళ్ళేటప్పుడు మామూలుగా బరువులో సగం సోడియం హైడ్రాక్సైడ్, సగం నీరు. దాన్ని లై అంటారు. 20 డిగ్రీల దగ్గర ఈ లై స్నిగ్ధత నీటికి డెబ్బై రెట్ల పైనే. 12 డిగ్రీలకు దిగితే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. కొవ్వూరు చలికి ఆ భయం లేదు గానీ ఉత్తరాదికి వెళ్ళే ట్యాంకరుకు జనవరిలో ఉంటుంది.

ఐదు సెంటీమీటర్ల గొట్టంలో సెకనుకు ఒక మీటరు వేగంతో ఈ లైని తోస్తున్నామనుకుందాం. ఇది కాగితం మీద లెక్కే, ఏ ఫ్యాక్టరీ గొట్టానిదీ కాదు. 20 డిగ్రీల దగ్గర రెనాల్డ్స్ సంఖ్య వెయ్యికి అటూ ఇటూ వస్తుంది. అంటే సుడి అన్నదే లేదు. అదే లైని 60 డిగ్రీలకు వేడి చేసి పంపితే స్నిగ్ధత అనేక రెట్లు పడిపోయి, సంఖ్య ఐదు వేలు దాటుతుంది. గొట్టం అదే, పంపు అదే, వేగమూ అదే, లోపల మాత్రం ప్రవాహం జాతే మారిపోయింది. ద్రవం మొత్తం ఒకే వేడిలో ఉన్నప్పుడు వేడి సుడుల పక్షాన నిలబడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి పశ్చిమ డెల్టా కాలువలో?

అక్కడ వేడి పెద్దగా చేసేదేమీ లేదు. కారణం కాలువ పరిమాణమే.

జనవరిలో దాళ్వా నాట్లప్పుడు కాలువ నీరు 22 డిగ్రీలు, జూన్‌లో సార్వాకు వదిలినప్పుడు 32 డిగ్రీలు అనుకుందాం. (నడివేసవితో పోల్చి లాభం లేదు, అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి.) జనవరి నీరు జూన్ నీటికన్నా పావువంతు ఎక్కువ చిక్కగా ఉంటుంది. మూడు మీటర్ల లోతు, సెకనుకు 70 సెంటీమీటర్ల వేగం వేసుకుంటే రెనాల్డ్స్ సంఖ్య ఇరవై లక్షల పైమాటే. దానిలో పావువంతు తగ్గినా పెరిగినా ప్రవాహం చలించదు. గోడను ఆనుకుని, సుడులు చొరబడలేని జిగట పొర ఒకటి ఉంటుంది. ఈ కాలువలో దాని మందం సుమారు మిల్లీమీటరులో పదోవంతు. మట్టి గట్టు మీది రేణువులూ, గడ్డీ, గుర్రపుడెక్క వేళ్ళూ దానికన్నా ఎన్నో రెట్లు ఎత్తుగా ఉంటాయి. కాబట్టి నీటిని ఆపేది గట్టు గరుకుతనమే, స్నిగ్ధత మాట అక్కడ చెల్లదు. ఆర్థర్ కాటన్ ఇంజనీర్లు 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి ముగించినప్పుడు, కాలువల వాలు కట్టడానికి నీటి వేడిని లెక్కలోకి తీసుకోవలసిన అవసరమే లేదు. నేటి ఇంజనీరుకూ లేదు.

అయినా వేడి జాడ ఒకచోట కనిపిస్తుంది. పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి మరీ చిన్నవిగా విరుగుతూ పోయి, చివరకు స్నిగ్ధత చేతికి చిక్కి వేడిగా మారిపోతాయి. ఎంత చిన్న సుడి దగ్గర ఈ ఆట ఆగుతుందో 1941లో రష్యా గణితవేత్త కొల్మొగొరొవ్ సూత్రం చెప్పాడు. పైన అనుకున్న కాలువలో అది పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ. చలికాలంలో ఈ చివరి సుడుల సైజు ఇంకో ఆరోవంతు పెరుగుతుంది. పెద్ద సుడులకు ఆ సంగతే తెలియదు.

ఒండ్రుకు తెలుస్తుంది. మిల్లీమీటరులో యాభయ్యోవంతు ఉన్న రేణువు నిలకడ నీటిలో మూడు మీటర్లు దిగడానికి 30 డిగ్రీల దగ్గర సుమారు గంటా యాభై నిమిషాలు పడుతుంది. 22 డిగ్రీల దగ్గర రెండుంబావు గంటలు. ఈలోగా పారే నీరు దాన్ని దాదాపు ఒక కిలోమీటరు ఎక్కువ దూరం మోసుకుపోతుంది. పారే నీటిలో సుడులు రేణువులను మళ్ళీ పైకి లేపుతుంటాయి కాబట్టి అసలు లెక్క ఇంత సులువు కాదు. కానీ చల్లటి నీరు ఒండ్రును ఎక్కువ దూరం మోస్తుందన్నది నిజం. అమెరికాలో కొలరాడో నది దిగువన 1940లలో చేసిన కొలతల్లో, ఒకే పరిమాణం నీరు పారుతున్నా చలికాలంలో ఇసుక వేసవికన్నా రెండు రెట్లకు మించి కొట్టుకుపోవడం కనిపించింది. మన గోదావరిలో ఎర్రనీరు వచ్చేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, నీరు వెచ్చగా ఉన్నప్పుడే. కొలరాడో లెక్కను తెచ్చి విజ్జేశ్వరం లాకుల దగ్గర పెట్టడం కుదరదు.

ఒక గోడే వేడెక్కితే?

ఇప్పుడు అసలు ముడి. లై గొట్టంలో ద్రవమంతా వేడెక్కింది. కాలువలో నీరంతా ఒకే వేడిలో ఉంది. గోడ ఒక్కటే వేడెక్కినప్పుడు స్నిగ్ధత చోటు చోటుకీ మారుతుంది. గోడ పక్కన పలచగా, దూరం వెళ్ళేకొద్దీ చిక్కగా. ఎంత మారిందన్నదానికన్నా ఎక్కడ మారిందన్నదే ఇక్కడ ముఖ్యం.

సుడులకు తిండి ఎక్కడి నుంచి వస్తుంది? గోడను తాకినచోట నీటి వేగం సున్నా, మధ్యలో పూర్తి వేగం. పక్కపక్క పొరలు వేర్వేరు వేగాలతో పోతుంటే ఆ తేడాలోంచే సుడి శక్తిని లాక్కుంటుంది. గోడను ఆనుకున్న జిగట పొరలో తేడా బోలెడు, కానీ సుడి తిరగడానికి చోటు లేదు. మధ్యలో చోటు బోలెడు, కానీ తేడా లేదు. అందుకని సుడుల ఉత్పత్తి జోరుగా సాగేది గోడ నుంచి జిగట పొర మందానికి రెండు మూడింతల దూరంలో ఉన్న సన్నటి పట్టీలో. సుడుల ప్రవాహానికి వంటిల్లు అదే అనుకోండి.

గోడను వేడి చేశాం. గోడ పక్క నీరు పలచబడింది. గోడ ప్రవాహాన్ని పట్టిలాగే బలం మారలేదనుకుంటే, పలచని నీటిలో ఆ బలాన్ని చేరవేయడానికి వేగం మరింత నిటారుగా మారాలి. కాబట్టి ఉన్న వేగభేదంలో పెద్ద వాటా గోడకు మరీ దగ్గర, సుడికి చోటులేని పొరలోనే ఖర్చయిపోతుంది. ఆ పట్టీకి చేరేసరికి మిగిలేది తక్కువ. పైగా అక్కడి నీరు గోడ దగ్గరి నీటికన్నా చల్లగా, చిక్కగా ఉంటుంది. పుట్టుకకు తిండి తగ్గింది, చుట్టూ జిగట పెరిగింది. గోడ పక్కన మరీ సన్నటి కదలికలు మాత్రం పెరిగి, ఉన్న శక్తిని త్వరగా వేడిగా మార్చేస్తాయి. రాబడి తగ్గి ఖర్చు పెరిగితే ఏమవుతుందో అదే అవుతుంది. చల్లని గోడ దగ్గర ఇవన్నీ ఎదురు దిశలో జరుగుతాయి: చిక్కటి నీరు గోడను ఆనుకుని ఉండటంతో వేగభేదం బయటికి, సుడులు పుట్టే చోటికి నెట్టబడుతుంది.

"స్నిగ్ధత తగ్గితే సుడులు పెరుగుతాయి" అన్న మాట అబద్ధమేమీ కాదు. సుడులు పుట్టే చోట స్నిగ్ధత తగ్గితే అన్న షరతు అందులో దాగి ఉంది, అంతే. మనం తగ్గించింది వాటి పొరుగింట్లో.

2013లో లీ, జంగ్, సంగ్, జాకి అనే నలుగురు ఇలాంటిదే మరో లెక్క వేశారు. రెండు గోడల బదులు ఒక పలక మీదుగా 30 డిగ్రీల నీరు పారుతుంది. వేసవి చివరి గోదావరి నీరు కూడా ఇంచుమించు ఆ వేడిలోనే ఉంటుంది. పలకను ఒకసారి 70 డిగ్రీలకు, ఇంకోసారి 99 డిగ్రీలకు వేడి చేశారు. గోడ మీది ఘర్షణ గుణకం 26 శాతం దాకా తగ్గింది. వేడి గోడ నీటిని సులువుగా జారనిస్తోందన్నమాట. పడవ అడుగును వేడి చేస్తే డీజిలు కలిసొస్తుందా అని ఎవరైనా అడగొచ్చు. గోదావరిని వేడి చేయడానికయ్యే డీజిలు సంగతి వాళ్ళు మరిచిపోకూడదు!

సుడులు ఇంకా పుట్టకముందు కూడా ఇదే తీరు. 1968లోనే వజ్జాన్, ఒకమురా, స్మిత్ అనే ముగ్గురు నీటిలో పలకను వేడి చేస్తే పొరల ప్రవాహం చెదరకుండా ఎక్కువ దూరం నిలుస్తుందని లెక్కల్లో చూపారు. గాలిలో అదే ఫలితం కావాలంటే పలకను చల్లబరచాలి. నీరు వేడికి పలచబడుతుంది, గాలి చలికి పలచబడుతుంది. గోడ వైపు వెళ్ళేకొద్దీ స్నిగ్ధత తగ్గాలన్న సూత్రం మాత్రం రెండింటికీ ఒకటే.

విజ్జేశ్వరంలో వాయువు ఏం చేస్తుంది?

పైన చెప్పినదాన్ని బట్టి గోడను వేడి చేస్తే గాలిలో సుడులు పెరగాలి అనిపిస్తుంది. కానీ గొట్టం లోపల, గట్టిగా వేడి చేసినప్పుడు, అలా జరగదు. వాయువులో స్నిగ్ధత పెరగడంతో పాటు సాంద్రత కూడా పడిపోతుంది. ముందుకు పోయేకొద్దీ గాలి మొత్తం వేడెక్కి, వ్యాకోచించి, వేగం పుంజుకుంటుంది. పెరిగిన వేగం తగ్గిన సాంద్రతతో చెల్లుకుపోయి స్నిగ్ధత పెరుగుదలే మిగులుతుంది కాబట్టి, స్థానికంగా రెనాల్డ్స్ సంఖ్య దిగజారుతూ పోతుంది. సుడులతో గొట్టంలోకి ప్రవేశించిన గాలి మధ్య దారిలో బుద్ధిమంతురాలైపోయి, పొరల ప్రవాహంలా ప్రవర్తిస్తుంది. షెహతా, మెకెలిగాట్ 1998లో ప్రచురించిన కొలతల్లో ఇది స్పష్టంగా ఉంది.

విజ్జేశ్వరం లాంటి చోట గ్యాస్ టర్బైను నడిపేవాళ్ళకు ఇది పుస్తకాల్లో వింత కాదు. టర్బైను రెక్కలను కరగకుండా కాపాడేది వాటి లోపలి సన్నటి దారుల్లో పారే గాలి. ఆ గాలిలో సుడులు చల్లారితే, రెక్క నుంచి వేడిని లాగే శక్తి కూడా చల్లారుతుంది. గాలి పారుతూనే ఉంటుంది, పని మాత్రం తగ్గుతుంది. అందుకే ఆ దారుల గోడలకు అడ్డంగా చిన్న చిన్న గట్లు పోస్తారు, సుడులను నిలబెట్టడానికి.

అన్నిటికీ కలిపి ఒక లెక్క ఉందా?

కొంతవరకు ఉంది. 1995లో హువాంగ్, కోల్‌మన్, బ్రాడ్‌షా ఒక ఉపాయం చెప్పారు: గోడ దగ్గరి స్నిగ్ధతతోనే అంతా కొలవకుండా, గోడ ఘర్షణను మాత్రం ఉంచుకుని, ఎక్కడికక్కడి సాంద్రతనూ స్నిగ్ధతనూ పెట్టి కొలవండి అని. అలా గోడ నుంచి మధ్య దాకా ప్రతి దూరంలోనూ ఒక స్థానిక రెనాల్డ్స్ సంఖ్య వస్తుంది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నుంచి పటేల్, పెక్నిక్, వారి సహచరులు దీన్ని కంప్యూటర్ లెక్కలతో నిలదీశారు. ఒక ప్రవాహంలో సాంద్రత మారుతుంది, ఇంకోదానిలో స్నిగ్ధత మారుతుంది. పైకి రెండింటికీ పోలికే లేదు. అయినా స్థానిక సంఖ్య గీత రెండింటిలో ఒకేలా ఉంటే సుడులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. నా మట్టుకు ఈ మొత్తం వ్యవహారంలో అందమైన సంగతి ఇదే. ద్రవమా వాయువా అన్న తేడాను ప్రవాహం పట్టించుకోదు, ఆ గీత వంపునే చూస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ కంప్యూటర్ లెక్కలన్నీ చిన్న రెనాల్డ్స్ సంఖ్యల దగ్గర వేసినవి. వాటిని పట్టుకుని నదుల గురించి తీర్పులు చెప్పకూడదు. కర్మాగారంలో వేడిగొట్టాలు లెక్కకట్టే ఇంజనీర్లు ఇప్పటికీ 1936 నాటి సీడర్-టేట్ సూత్రాన్ని వాడుతుంటారు. ద్రవం మధ్యలోని స్నిగ్ధతను గోడ దగ్గరి స్నిగ్ధతతో భాగించి, 0.14 ఘాతానికి పెంచి, సవరణగా గుణించడమే అది. మోటు లెక్కే, పని నడిచిపోతుంది.

ఆ మోటు లెక్క పూర్తిగా చేతులెత్తేసే చోటు ఒకటి ఆంధ్రాలోనే ఉంది. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్లున్నాయి. నీటి సందిగ్ధ (క్రిటికల్) స్థితి 374 డిగ్రీలు, 221 బార్లు. అంతకు మించిన పీడనంలో నీరు మరగదు. బుడగ లేకుండానే, కొద్ది డిగ్రీల తేడాలో చిక్కటి ద్రవం నుంచి పలచటి వాయువులాంటి స్థితికి జారిపోతుంది. సాంద్రత, స్నిగ్ధత, వేడిని దాచుకునే శక్తి, అన్నీ ఒక్కసారిగా తలకిందులవుతాయి. ఆ మార్పు సరిగ్గా బాయిలరు గొట్టం గోడ పక్కన జరిగితే, పైకి పారే నీటిలో గోడ దగ్గరి తేలికపాటి పొర తేలుడు బలంతో ముందుకు ఉరుకుతుంది. మధ్యలోని నీటితో వేగభేదం తగ్గిపోతుంది. సుడులకు తిండి మళ్ళీ అక్కడే ఆగిపోతుంది. గోడ నుంచి వేడి కదలదు, గొట్టం లోహం మీద ఒకచోట వేడి పేరుకుని అది దెబ్బతినే ప్రమాదం వస్తుంది. నీరు కిందికి పారుతుంటే అదే తేలుడు బలం వేగభేదాన్ని పెంచి సుడులకు సాయపడుతుంది. సూపర్‌క్రిటికల్ బాయిలర్లలో గొట్టాలను కొలిమి చుట్టూ మెలికలుగా తిప్పడం గానీ, గొట్టం లోపలి గోడకు మరచుట్ల లాంటి గాట్లు పెట్టడం గానీ చేయడానికి ఇదొక కారణం. గాట్ల వెంట నీరు తిరుగుతూ పోతే చిక్కటి నీరు గోడ వైపుకు విసిరేసినట్టు చేరుతుంది, వేడెక్కిన పలచటి పొర గోడను అంటిపెట్టుకుని కూర్చోలేదు.